గొర్రెలను దొడ్లో కట్టేశాం, ఊరు రెండైంది

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరొంచా తాలూకాలో ప్రాణహిత ఒడ్డున ఓ పల్లె. నాలుగెకరాల్లో పత్తి, మిర్చి వేస్తాను. పోయిన వారం ఓ రాత్రి మా ఊరి కుర్మల మంద మా మిరప చేలో పడింది. తెల్లారి చూస్తే అరెకరం తొక్కేసి, మేసేసి ఉంది. కోపం పట్టలేక నేనూ మా అన్నదమ్ములూ నలభై గొర్రెలను తోలుకొచ్చి మా దొడ్లో మూడు రోజులు ఉంచాం. పదివేలు కట్టించుకుని వదిలాం. వదిలిన మర్నాడు రెండు గొర్రెలు చచ్చాయి. మేమే విషం పెట్టామని వాళ్లు పోలీసులకు చెప్పారు. నేను పెట్టలేదు. కానీ మంద పడిన ముందు రోజే చేనుకు పురుగుమందు కొట్టిన మాట నిజం. ఇప్పుడు కుర్మలు ఊళ్లో ఎవరి చేలోనూ ఎరువు కోసం మంద పెట్టేది లేదంటున్నారు. రైతులేమో మందలను పొలిమేర దాటనివ్వం అంటున్నారు. ఆ మంద గలాయన మా నాయనతో కలిసి పెరిగినవాడు, నేను మామా అని పిలుస్తాను. ఏం చేయమంటారు? నా పేరు వేయొద్దు.

జవాబు: ముందు ఆ మామ ఇంటికి వెళ్లండి. వకీలు దగ్గరికీ, సర్పంచ్ దగ్గరికీ తర్వాత వెళ్లొచ్చు. మీ నాయన నడవగలిగితే ఆయన్ను వెంటబెట్టుకోండి, అన్నదమ్ములను ఇంటి దగ్గరే ఉంచండి. అక్కడ మూడు మాటలే చెప్పండి. గొర్రెలను దొడ్లో ఆపడం మా తప్పు. విషం మేం పెట్టలేదు. ముందు రోజు చేనుకు ఫలానా మందు కొట్టాం, సీసా ఇదిగో. ఆ రోజు మిరప నష్టం ఊసెత్తకండి. మీకు నష్టం జరిగింది, దాని సంగతి కింద రాస్తాను. కానీ చచ్చిన జీవాల ఇంట్లో కూర్చుని మీ లెక్క తీస్తే ఆయన చెవికి ఇంకే మాటా ఎక్కదు.

తప్పు అని ఎందుకన్నానంటే, 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. గొర్రెలూ మేకలూ దాని కిందికే వస్తాయి. చేలో పడి పంట పాడుచేస్తున్న జీవాలను పట్టుకునే హక్కు 10వ సెక్షన్ మీకిచ్చింది. అయితే పట్టుకున్న 24 గంటల్లోగా వాటిని బందెలదొడ్డికి పంపాలి. ఇంటి దొడ్లో ఉంచుకోవడానికీ, జుర్మానా మనమే నిర్ణయించి వసూలు చేసుకోవడానికీ ఆ చట్టంలో చోటు లేదు. పైగా అక్రమంగా పట్టుకున్నా, ఆపినా పట్టుకున్న రోజు నుంచి 10 రోజుల్లోగా జీవాల యజమాని మెజిస్ట్రేటుకు ఫిర్యాదు చేసుకోవచ్చని 20వ సెక్షన్ చెబుతోంది. అంటే చేను పోయింది మీదే అయినా, కాగితం మీద నిందితులు మీరే అయ్యారు. మా ఊళ్లో బందెలదొడ్డి ఏనాడో కూలిపోయింది కదా అంటారేమో. చాలా పంచాయతీల్లో అదే పరిస్థితి, దానికి రైతులూ కాపరులూ ఇద్దరూ నష్టపోతున్నారు. దొడ్డి లేకపోతే ఆ ఉదయమే పోలీస్ పాటిల్‌కూ (ఊరి శాంతిభద్రతలు చూసే మనిషి), సర్పంచ్‌కూ చెప్పి, జీవాలను వాళ్ల ముందే లెక్కపెట్టి, యజమానికి అప్పగించినట్టు రాయించుకోవాలి. నష్టపరిహారం అడిగే హక్కు దాంతో పోదు.

ఆ పదివేలను ఖర్చు పెట్టకండి. మహారాష్ట్రలో 2007 ఆగస్టు 15న మొదలైన తంటాముక్త గావ్ పథకం కింద ఊరూరా తంటాముక్తి సమితులు ఏర్పడ్డాయి. మీ ఊళ్లో అది పేరుకే మిగిలి ఉంటే గ్రామసభలో అడిగి మళ్లీ కూర్చోబెట్టండి. రాజీకి వీలైన తగాదాలను ఊళ్లోనే తేల్చుకోవడానికే దాన్ని పెట్టారు. ఆ డబ్బు సమితి చేతిలో పెట్టి, మిరప నష్టం ఎంత, గొర్రెల నష్టం ఎంత అని రెండూ లెక్క తేల్చాక పంచమనండి. సమితిలో కుర్మల మనిషి లేకపోతే ఆ కూర్చోవడం వృథా. కనీసం ఒక్కరినైనా కలుపుకుని మొదలుపెట్టాలి. రాజీ కుదిరితే ఆ కాగితం పోలీస్ స్టేషన్‌లో ఇవ్వండి. అక్కడి కేసు ఏ సెక్షన్ కిందో తెలుసుకుని తర్వాతి అడుగు వేయాలి. జీవాలను కావాలని విషం పెట్టి చంపడం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద 5 ఏళ్ల దాకా జైలు పడే నేరం. కాబట్టి విషం మాట గాలిలో వదిలేయకుండా తేల్చుకోవడం మీకే ముఖ్యం.

గొర్రెలు ఎందుకు చచ్చాయి? మీరు రాసినదాన్ని బట్టి నాకు తోచింది చెబుతాను, తేల్చాల్సింది పశువైద్యుడే. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందు తగిలిన గొర్రెకు చాలావరకు కొన్ని గంటల్లోనే నోటి నుంచి నురగ, కళ్ల నుంచి నీరు కారతాయి, కండరాలు అదురుతాయి, ఊపిరాడక పడిపోతుంది. అట్రోపిన్ ఇంజెక్షన్ వెంటనే పడితే బతికే వీలుంది. మీ దొడ్లో మూడు రోజులూ బాగానే ఉండి నాలుగో రోజు చచ్చాయంటే ఇంకో కారణం కూడా వెతకాలి. ఆ మూడు రోజులు వాటికి నీళ్లు ఎన్నిసార్లు పెట్టారు? మేత ఏం వేశారు? వదిలిన రోజు ఎక్కడ మేశాయి? కడుపు మాడిన గొర్రె కల్లంలో వడ్ల మీదో మక్కల మీదో పడి మెక్కితే పొట్ట ఉబ్బి, లోపల పులిసి, ఒకటి రెండు రోజుల్లో చస్తుంది. కోసిన జొన్న చేలో మళ్లీ వేసిన లేత పిలకలు మేస్తే నాము తగులుతుంది. నాము అంటే ఆ పిలకల్లో ఉండే సైనైడ్ విషమే, అది గంటల్లో ప్రాణం తీస్తుంది. ఊళ్లలో విషం పెట్టారన్న తగాదాలు ఎన్నో ఇలాంటి చావుల దగ్గరే మొదలవుతాయి. ఇకముందు జీవం చచ్చిన వెంటనే, పాతిపెట్టకముందే, ఇరువైపులవాళ్ల ఎదుట పశువైద్యుడితో శవపరీక్ష చేయించి, పొట్టలోని మేతను పరీక్షకు పంపమని ఊరంతా ఒక కట్టుబాటు పెట్టుకోవాలి. ఆ పరీక్ష ఫలితం మీ మీద నింద తీసేయొచ్చు, లేదా మీ చేలో కొట్టిన మందే కారణమని తేల్చొచ్చు. రెండో మాటకు కూడా మీరు సిద్ధంగా ఉండాలి.

మిరప చేనుకు మందు కొట్టిన రోజు కాపరికి చెప్పే అలవాటు మన ఊళ్లలో లేదు. చెప్పాలి. ఫోన్లు అందరి దగ్గరా ఉన్నాయి. ఫోన్ ఎత్తకపోతే బాట వైపు గట్టు మీద కర్ర పాతి ఎర్ర గుడ్డ కట్టండి, మందు లేబుల్ మీద రాసిన గడువు తీరాక విప్పేయండి. సీసా మీద రంగు త్రికోణం చూసే ఉంటారు. ఎరుపు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, ఆపై నీలం, ఆకుపచ్చ. విరుగుడు ఏమిటో లోపలి కాగితంలో ఉంటుంది. ఖాళీ సీసా గట్టు మీద పారేయకండి. గొర్రెలే కాదు, పిల్లలూ ముట్టుకుంటారు.

ఇప్పుడు మీ మిరప సంగతి. అరెకరం పోయిందని రాశారు. పోయింది అంటే ఎంతో తేల్చకపోతే మీరు యాభై వేలంటారు, వాళ్లు ఐదు వేలంటారు, మాట అక్కడే ఆగుతుంది. తొక్కుడు పడిన చోటును ఇరువైపులవాళ్లూ కలిసి అడుగులతో కొలవండి. పక్కనే దెబ్బ తగలని చోట అంతే కొలత తీసుకోండి. రెండు చోట్లా విరిగిన మొక్కలు, ఆకు మాత్రమే పోయినవి, బాగున్నవి విడివిడిగా లెక్కపెట్టండి. ఆకులూ చిగుళ్లూ మేసిన మిరప మొక్క నీళ్లు అందితే మళ్లీ చిగురిస్తుంది, వేరుతో లేచిపోయింది తిరిగి రాదు. అందుకే ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. తర్వాత వచ్చే కోతలో రెండు చోట్ల నుంచీ పదేసి మొక్కల కాయ తెంపి కాంటా వేయండి. ఆ తేడాతో లెక్క కడితే ఎవరూ కాదనలేని అంకె వస్తుంది. తలాఠీని, అంటే ఊరి రెవెన్యూ ఉద్యోగిని, పిలిచి పంచనామా రాయిస్తే మరీ మంచిది. ఫొటోలు తీస్తే గట్టు, చెట్టు, దారి ఏదో ఒకటి కనిపించేలా తీయండి. నేలమట్టమైన మొక్కలు ఏ చేలోవైనా ఒక్కలాగే ఉంటాయి.

ఇక అసలు విషయం. ఆ రాత్రి మంద మీ చేలోకి ఎందుకొచ్చింది? కాపరి నిద్రపోయాడా, చిరుత వాసనకు మంద బెదిరి చెదిరిందా, కావాలనే తోలాడా? మూడింటికీ మూడు రకాల జవాబులుంటాయి. కావాలని తోలితే జుర్మానా వేయాల్సిందే, నేనేమీ వెనకేసుకురాను. కానీ మీ ఊరి పటం ముందు పెట్టుకుని ఒక్క ప్రశ్న వేసుకోండి: మంద ప్రాణహిత ఒడ్డు నుంచి అడవి దాకా పోవాలంటే ఈరోజు ఏ బాటన పోవాలి? మీ నాయన కాలంలో వానకాలం వరి కోశాక ఊరంతా బీడుగా ఉండేది, మంద ఎటు నడిచినా అడ్డుండేది కాదు. ఇప్పుడు మోటార్లు వచ్చాయి, సంక్రాంతి దాటినా చేలలో పత్తి నిలిచి ఉంటోంది, మిర్చి ఎండాకాలం దాకా సాగుతోంది. ఊరి గైరాన్‌లో, అంటే ఊరుమ్మడి మేత బీడులో, కొంత సాగులోకి పోయింది, కొంత కట్టడాల కిందికి పోయింది. అడవిలో టేకు మొక్కలు నాటిన చోట కంచె పడింది. బాటను రెండు వైపులా రైతులు సాలు సాలుగా దున్నుకుంటూ వచ్చారు. చివరికి మందకు మిగిలింది మీ చేల నడుమ మనిషి పట్టేంత సందు. రెండు వందల గొర్రెలను ఆ సందులోంచి పైరు ముట్టకుండా దాటించడం ఎవరి తరమూ కాదు. ఈ బాట తేలకుండా మీ రాజీ కుదిరినా, వచ్చే ఏడు ఇంకో చేలో ఇదే గొడవ లేస్తుంది.

బాట ఎక్కడుండేదో ముసలివాళ్ల నోటి మాట మీదే ఆధారపడక్కర్లేదు. మీ తాలూకా పాత చాందా జిల్లాలోది, 1982లో గడ్చిరోలి వేరే జిల్లా అయ్యింది. బ్రిటిష్ కాలపు మధ్యప్రాంతాల (సెంట్రల్ ప్రావిన్సెస్) పద్ధతి ప్రకారం మీ వైపు ఊళ్లకు నిస్తార్ పత్రక్ అనే దస్తావేజు ఉంటుంది. ఊరి పశువులు ఎక్కడ, ఏ షరతులతో మేయొచ్చో అందులో రాస్తారు. 1966 నాటి మహారాష్ట్ర భూమి రెవెన్యూ చట్టంలో 161, 162 సెక్షన్లు దీని గురించే. దారి హక్కులు, నీటి హక్కుల ఆచారాలు వాజిబ్-ఉల్-అర్జ్ అనే ఇంకో దస్తావేజులో ఉంటాయి, అది 165వ సెక్షన్. తహసీల్ ఆఫీసులో నకళ్లు అడగండి. ఇవ్వకపోతే పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఊరి పటం, గైరాన్ సర్వే నంబర్ల సాత్‌బారా (భూమి హక్కులు, సాగు వివరాలు ఉండే కాగితం) కూడా తీసుకోండి. ఈ కాగితాల కోసం ఒక రైతూ ఒక కుర్మ మనిషీ కలిసి వెళ్లాలి. ఒక్కరే వెళ్తే రెండోవాళ్లు ఆ కాగితాన్ని నమ్మరు.

గైరాన్ ఆక్రమణ మాట వచ్చినప్పుడు రైతులందరూ తల వంచుకుంటారు, ఎందుకంటే ఆక్రమించినవాళ్లలో మనవాళ్లూ ఉంటారు. ఊరుమ్మడి భూములను ఆక్రమణల నుంచి విడిపించాలని సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో తీర్పు చెప్పింది. ఆ తీర్పు పట్టుకుని కోర్టుకెక్కమని నేననను. గైరాన్‌లో గుడిసె వేసుకున్న భూమిలేని కుటుంబాన్నీ, ఐదెకరాలు కలుపుకున్న ఆసామినీ ఒకే తాటికి కట్టడం అన్యాయం. ముందుగా బాట వెడల్పూ, నీళ్ల రేవూ, మంద రాత్రి ఆగే చోటూ ఖాళీ చేయించండి. ఈ మూడూ దొరికితే సగం తగాదాలు అసలు పుట్టవు.

అడవి మేత గురించి కూడా గ్రామసభ అడగొచ్చు. 2006 అటవీ హక్కుల చట్టం 3(1)(డి) సెక్షన్ మేత హక్కును సామూహిక హక్కుగా పేరు పెట్టి చెప్పింది. ఊళ్లో స్థిరంగా ఉన్నవాళ్ల మేతకూ, మందలతో తిరిగేవాళ్ల మేతకూ అది వర్తిస్తుంది. మీ జిల్లాలోనే మేంఢా లేఖా గ్రామం 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు పొందింది, దేశంలో మొదటగా ఆ హక్కు అందుకున్న ఊళ్లలో అదొకటి. మీ ఊరికి హక్కు పత్రం వచ్చి ఉంటే అడవి నిర్వహణ ప్రణాళికలో మేతకు ఒక పుట ఉండాలి: ఏ ఏడు ఏ భాగం మూయాలి, ఏ భాగం తెరవాలి, లేత మొక్కలు గొర్రె నోటికి అందనంత ఎదిగేదాకా ఎక్కడ ఆపాలి. పత్రం రాకపోతే హక్కు కోసం దరఖాస్తు పెట్టేటప్పుడు మేతను మరిచిపోకండి. వెదురు, తునికాకు వైపే అందరి చూపూ ఉంటుంది, ఎందుకంటే వాటిలో డబ్బు కనిపిస్తుంది.

కుర్మలు మంద పెట్టం అన్నారని రాశారు. ఆ మాట రైతులకు ఎంత నష్టమో మీ ఊళ్లో ఎవరైనా లెక్క వేశారా? మామూలు పశువుల ఎరువులో నత్రజని నూటికి అర పాలు ఉంటే, గొర్రె ఎరువులో 3 పాళ్ల దాకా ఉంటుంది, పొటాష్ 2 పాళ్లు. బండ్ల మీద తోలే ఎరువులో మూత్రం సారం దొడ్లోనే ఇంకిపోతుంది, మంద పెట్టిన చేలో అది నేలకే దక్కుతుంది. మోత కూలీ లేదు, చల్లే కూలీ లేదు. పత్తికి ఇంకో లాభం ఉంది. చివరి ఏరివేత అయ్యాక మందను వదిలితే మోడు మీద మిగిలిన ఆకులూ, పచ్చి కాయలూ మేసేస్తుంది. గులాబీ రంగు పురుగు దాక్కునేది ఆ కాయల్లోనే. పత్తి తీయడం అయ్యాక గొర్రెలను, మేకలను మేపించమని వ్యవసాయ శాస్త్రవేత్తలూ చెబుతారు. చివరగా కొట్టిన మందు గడువు తీరిందో లేదో చూసుకుని మాత్రమే వదలాలి. కుర్మలకు మేత, మీకు ఎరువు, వచ్చే ఏటికి పురుగు తగ్గుదల: ఇంత సొమ్ము కళ్ల ముందుండగా మీరిద్దరూ పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూర్చోవడం నాకు చాలా బాధగా ఉంది.

ఉగాదికి జీతాలు మాట్లాడుకున్నట్టే మేత మాటలు కూడా ఏటా ఒకనాడు మాట్లాడుకోవాలి. మృగశిర కార్తె వస్తే అందరూ దుక్కిలో ఉంటారు కాబట్టి అంతకుముందే కూర్చోండి. పంచాయతీ ఆఫీసు గదిలో వద్దు, బాట మీద నడుస్తూ మాట్లాడండి. ఎక్కడ గట్టు తెగింది, ఎక్కడ మలుపు ఇరుకు అన్నది నడిస్తేనే కనబడుతుంది. ఏ తేదీ దాకా మంద అడవి వైపే ఉండాలి, ఏ చేలు ఎప్పుడు ఖాళీ అవుతాయి, రెండో పంట వేసేవాళ్లు బాట వైపు ముళ్లకంప ఎవరి ఖర్చుతో వేయాలి, రాత్రి మేపు ఏ నెలల్లో బంద్, మంద పెడితే రాత్రికి ఎన్ని గింజలు లేదా ఎంత రొక్కం, ఇవన్నీ ఒక పుస్తకంలో రాయండి. కంప ఖర్చు మొత్తం కుర్మల మీదే వేయాలని రైతులు పట్టుబట్టే అవకాశం ఉంది. కొత్త పంట లాభం రైతుది, బాట వాడకం మందది. కాబట్టి చెరి సగం పెట్టుకోవడం నాకు న్యాయంగా తోస్తుంది. చేను మేస్తే మొదటిసారి ఎంత, మళ్లీ మేస్తే ఎంత అని జుర్మానా ముందే రాసుకోండి. బాట దున్నిన రైతుకు కూడా అదే పుస్తకంలో జుర్మానా ఉండాలి. ఒక వైపుకే శిక్ష రాసిన కాగితాన్ని రెండో వైపు ఎందుకు పాటిస్తుంది?

ఆ కూటమికి ఆడవాళ్లను పిలవండి. మిరప చేలో కాయ తెంపేదీ, కుర్మల ఇళ్లల్లో పిల్లలను, కుంటి గొర్రెలను చూసుకునేదీ వాళ్లే. ఏ రోజు మంద ఎటు పోయిందో వాళ్లకు తెలిసినంతగా మగవాళ్లకు తెలియదు. రెండు మేకలు తప్ప ఏమీ లేని కూలీ కుటుంబాలు కూడా ఉంటాయి. మందలను పొలిమేర దాటనివ్వం అని రైతులు కట్టుబాటు చేస్తే మొదట దెబ్బతినేది ఆ రెండు మేకలవాళ్లే. పెద్ద మంద ఇంకో ఊరికి పోగలదు, వాళ్లు పోలేరు.

ఏటి అవతల తెలంగాణ వైపు నుంచి కూడా ఎండాకాలం మందలు దాటొస్తుంటే వాటిని మీ ఊరి మందలతో కలిపి చూడకండి. మీ ఊరి కుర్మలతో ఒప్పందం కుదిరాక, బయటి మంద వచ్చిన రోజే ఆ మంద పెద్దమనిషి పేరు, ఊరు, ఫోన్ నంబర్, జీవాల లెక్క పుస్తకంలో రాయించే పని వాళ్లకే అప్పగించండి. వచ్చేవాళ్లలో చాలామంది వాళ్లకు చుట్టాలే అయ్యుంటారు. ఎన్ని రాత్రులు ఉండొచ్చు, ఏ రేవులో నీళ్లు తాగాలి అన్నది వాళ్ల నోటితో చెబితే వింటారు, మీరు కర్రలు పట్టుకుని ఎదురెళ్తే రాత్రికి రాత్రి ఇంకెవరి చేలోంచో దాటుతారు. ఆ మందలకు గొర్రె మశూచి, పీపీఆర్ (జీవాలకు వచ్చే ఇంకో అంటురోగం) టీకాలు వేయించారో లేదో కూడా అప్పుడే అడగమనండి. వ్యాధి వస్తే మొదట పోయేవి మీ ఊరి గొర్రెలే కాబట్టి ఆ మాట అడగడంలో కుర్మలు వెనకాడరు.